పటికయు పట్టికయు

నల్లగొండకు పూర్వనామము నీలగిరి. ఊరిని కాచుకొని నిలిచిన నల్లని శిఖరములను చూచి పెద్దలు పెట్టిన పేరది. ఆ ఊరినుండి పడమరగా మునుగోడు, చండూరు, మర్రిగూడ, దేవరకొండ సీమల మీదుగా పాలమూరు మెట్టలలోనికి సాగిపోవు బాటసారికి కనులయెదుట విరియునదెల్ల ఒక్కటే దృశ్యము: ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్రని బండలు, వాని నడుమ ఎర్రని చెలక నేలలు, తాటివనములు, ఆముదపు చేలు, జొన్నచేలు, వానలలో నిండి ఎండలు ముదురకముందే నెర్రెలు విచ్చు చెరువులు. ఈ వ్యాసము ఆ బండల కడుపున నిలిచిన నీటిని గూర్చినది. ఆ నీటిలోని యొక దోషమును తొలగించుటకై పటికతోను సున్నముతోను జరిగిన సాధనను గూర్చినది. అంతకు మించి, కొలిచి తెలిసికొన్నది స్వల్పమై చేయవలసిన నిర్ణయము పెద్దదైనప్పుడు మనుష్యుడు తన పూర్వజ్ఞానమును ఏ మేరకు నమ్మవలెను, ఏ చోట దానిని సవరించుకొనవలెను అను ప్రశ్నను గూర్చినది.

ఆ బండలు 250 కోట్ల సంవత్సరములకు పైబడిన ప్రాయము గలవి. వానిలోని నల్ల అభ్రకమునందును, ఫ్లోరైటు, అపటైటు మున్నగు ఖనిజములయందును ఫ్లోరిను ఇమిడి యున్నది. ఇచ్చట వాన తక్కువ, ఎండ ఎక్కువ. నేలలోనికి ఇంకిన నీరు బండ పగుళ్ళలో ఏండ్ల తరబడి నిలిచి ఆ ఖనిజములను మెల్లమెల్లగా కరగించుకొనును. నీటిలో కాల్షియము సమృద్ధిగా నున్నచో అది ఫ్లోరైడును పట్టుకొని గట్టిపడి అడుగున దిగును, నీటిలో నిలువనీయదు. కాని ఈ మెట్టనేలల నీరు క్షారగుణము గలది. అందలి బైకార్బొనేటు ఆ కాల్షియమును ముందుగనే పట్టి సున్నపు గులకలుగా నేలలో దింపివేయును. కావలివాడు లేచిపోయిన కళ్ళములో పశువు మేసినట్లు, కాల్షియము తొలగిన నీటిలో ఫ్లోరైడు యథేచ్ఛగా పెరుగును. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్వవచ్చును. నల్లగొండ పల్లెల బావులలో అంతకు నాలుగైదు రెట్లు సామాన్యముగను, కొన్నిచోట్ల పది రెట్లకు మించియు కనబడినది.

పల్లెవారికి నీటిని పరీక్షించు విద్య లేకపోలేదు. కందిపప్పు మెత్తగా ఉడికినచో మంచి నీరు, పలుకు పలుకుగా నిలిచినచో చవుటి నీరు. కుంకుడురసము నురుగు కట్టినచో మంచి నీరు, కట్టక జిడ్డుగా తలనంటినచో కానిది. నాలుకకు ఉప్పన తగులరాదు. ఇట్టి లక్షణములను బట్టియే ఒకదానిని ‘మంచినీళ్ళ బాయి’ యనియు, వేరొకదానిని ‘వాడుక నీళ్ళ బాయి’ యనియు తరతరములుగా ఏర్పరచుకొనిరి. బురదనీరు తేరుటకు కడవ లోపల చిల్లగింజను అరగదీయుట కూడ వారెరిగినదే. ఈ విద్యను మూఢమనుట తగదు. పప్పు ఉడుకుటయు, నురుగు కట్టుటయు నీటిలోని కాల్షియమును, మెగ్నీషియమును కొలుచు కొలమానములే; ప్రయోగశాల చెప్పునది కూడ అదియే. కాని ఫ్లోరైడునకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. అంతకంటె దారుణమైన విషయమొకటి కలదు: ఫ్లోరైడు మిక్కిలిగా నున్న నీరు తరచుగా కాల్షియము తక్కువైన నీరే గనుక అది పప్పును చక్కగా ఉడికించును, నురుగును చక్కగా కట్టించును. తరతరముల అనుభవము ఏ బావిని వ్రేలుచూపి మంచిదనెనో ఆ బావియందే విషము పొంచి యుండెను. ఆ పూర్వజ్ఞానము అసత్యము కాదు. అది వేరొక ప్రశ్నకు సమాధానము. పూర్వజ్ఞానమును ఆశ్రయించువాడు మొట్టమొదట తెలిసికొనదగిన నియమమిది, ఈ నియమమునకై నల్లగొండ చెల్లించిన మూల్యము సామాన్యము కాదు.

పాలపండ్లు రాలి క్రొత్త పండ్లు వచ్చిన బాలల దంతములపై సుద్దరంగు మచ్చలు, పిదప పసుపు, గోధుమరంగు చారలు. వానిని ‘గార పండ్లు’ అనుట పరిపాటి. యౌవనము గడవకముందే మెడ తిరుగదు, నడుము వంగదు, వంగినది లేవదు. వెన్నుపూసల నడుమ ఎముక పెరిగి కీలును కీలు కరచుకొనును. అమెరికాలో దంతముల గారకు కారణము నీటిలోని ఫ్లోరైడేయని హెచ్. వి. చర్చిల్ అను రసాయనజ్ఞుడు 1931లో కనిపెట్టెను. మన దేశమున ఎముకల వ్యాధిగా దీనిని మొదట వర్ణించినది తెలుగుసీమ నుండియే. నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా రోగులను చూచి షార్టు మున్నగు వైద్యులు 1937లో దానిని ప్రకటించిరి. హైదరాబాదు రాష్ట్రమునకు వచ్చినచో, ఎ. హెచ్. సిద్దీఖీ నల్లగొండ జిల్లాలోని ఈ ఫ్లోరోసిసు వ్యాధిని గూర్చి 1955లో బ్రిటిషు వైద్య పత్రికలో వ్రాసెను. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి తాకు వికృతిని ఈ ప్రాంతములందే గుర్తించి లాన్సెట్టు పత్రికలో ప్రకటించిరి.

సిద్దీఖీ వ్యాసము వెలువడిన 1955లోనే, డిసెంబరు 10వ తేదీన, నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. మిర్యాలగూడ, హుజూర్‌నగరు వైపు తూర్పు నేలలు పచ్చబడినవి. పడమటి మెట్టలకు ఆ నీరెక్కలేదు. దేశమునందలి ఆనకట్టలకు రాళ్ళు మోసిన పాలమూరు కూలీలు తమ ఊరికి మరలి వచ్చి త్రాగినది మాత్రము ఊరి బావినీరే. కరవు వెంట కరవు వచ్చి చేదబావులు ఎండిపోగా నేలను మరింత లోతుగా తొలిచి చేతిపంపులను నాటిరి. జనులు వానిని బోరింగులనిరి. ఎంత లోతుకు పోయినచో నీరు అంతకాలము బండతో సహవాసము చేసినదై యుండును. అంత ఫ్లోరైడు గలదై యుండును. దాహము తీర్చుటకు చేసిన ఉపకారము అట్లు వ్యాధికి దారియైనది.

దీనికి ప్రతిక్రియను వెదకు పనిని నాగపురములోని కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనాలయము 1961 నుండి చేపట్టెను. 1974లో జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థగా పేరు మారిన ఈ సంస్థను జనులు నీరీ యని సంక్షేపముగా పిలుచుచున్నారు. అచ్చటివారు పరీక్షింపని పదార్థము లేదనవచ్చును: బంకమన్నులు, అయాను మార్పిడి రెజినులు, ఉత్తేజిత కర్బనము, గంధకామ్లముతో సంస్కరించిన బొగ్గు, మెగ్నీషియము లవణములు, సర్పెంటైను శిల, ఇనుము, అల్యూమినియము లవణములు. డెఫ్లోరాన్-2 అను పేర బొగ్గునుండి చేసిన యొక పదార్థము కొంతకాలము ఆశ గొలిపినది గాని, దానిని మాటిమాటికి పునరుద్ధరించుటకు కావలసిన నేర్పు పల్లెలో నిలుచునది కాకపోయెను. తుదకు వారు అంగడిలో దొరకునట్టిదియు, నీటిశుద్ధిలో అందరికిని చిరపరిచితమైనదియు నగు పటికనే ఆశ్రయించిరి. అల్యూమినియము లవణములు ఫ్లోరైడును తగ్గించునని అమెరికాలో బోరఫ్ 1934లోనే చూపి యుండెను. నవలఖే, కులకర్ణి, పాఠక్, బులుసు అను నలుగురు శాస్త్రజ్ఞులు 1975లో ఈ పద్ధతిని సమగ్రముగా ప్రకటించి దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని నామకరణము చేసిరి. ఆ విధముగా ఒక వ్యాధితో ముడిపడిన ఊరి పేరు ఆ వ్యాధికి ప్రతిక్రియ పేరైనది.

పద్ధతి చెప్పుటకు సులభము. 40 లీటర్ల బకెటులో నీరు నింపి, కొలిచిన సున్నమును, చిటికెడు బ్లీచింగు పౌడరును, పిమ్మట నీటిలో కరగించిన పటికను పోసి, మొదట నిమిషము పాటు వడిగాను, తరువాత పది పదునైదు నిమిషములు మిక్కిలి నెమ్మదిగాను త్రిప్పవలెను. తరువాత గంటసేపు కదలింపక నిలిపి, పై తేటను వంచుకొనవలెను. ఇట వాడు పటిక క్షౌరశాలలో కనబడు స్ఫటికము కాదు. దానికి దాయాదియైన అల్యూమినియము సల్ఫేటు. ఒకనాడు ఒక పల్లె బడి వరండాలో ఈ పని జరుగుచుండగా చూచితిని. నెమ్మదిగా త్రిప్పు చేతికర్ర చుట్టును నీరు మొదట పొగ కమ్మినట్లు తెల్లబారి, పిదప ఆ పొగ చిన్నచిన్న దూదిపింజలుగా విడివడి, త్రిప్పుట ఆపగనే ఆ పింజలు తొందరలేక అడుగునకు దిగజొచ్చెను. గోడకానుకొని చూచుచున్న యొక అవ్వ ముందుకు వంగి, “పాలిరిగినట్టయితున్నయి బిడ్డా, తాగొచ్చునా ఈ నీళ్ళు?” అనెను. ఆమె చూచినదానిని ఇంతకంటె యథార్థముగా ఏ రసాయనజ్ఞుడును చెప్పజాలడు. ఆ దిగుచున్న పింజలు అల్యూమినియము హైడ్రాక్సైడు. అవి తమతో ఫ్లోరైడును కట్టుకొని దిగుచున్నవి. పైన మిగిలినది త్రాగవచ్చునా యనునదే, ఆ యవ్వ యడిగినదే, అసలు ప్రశ్న. దానికి సమాధానము ఎంత పటిక వేయవలెనను లెక్కలో నున్నది.

ఆ లెక్క ఒక పట్టిక. ఒకవైపు నీటిలోని ఫ్లోరైడు, వేరొకవైపు నీటి క్షారత. రెండును కలియు గడిలో లీటరునకు వేయదగిన పటిక మిల్లీగ్రాములలో. ఫ్లోరైడు 2, క్షారత 125 ఐనచో సుమారు 145. అదే ఫ్లోరైడునకు క్షారత 500 ఐనచో సుమారు 350. క్షారత 1000 ఐనచో సుమారు 520. ఫ్లోరైడు ఒక్కటే యైనను క్షారత పెరిగిన కొలది పటిక ఏల పెరుగవలెను? పటిక నీటిలో ఆమ్లమువలె వర్తించును. ఆ పింజలు ఫ్లోరైడును బాగుగా పట్టుటకు నీరు కొంచెము ఆమ్లము వైపునకు, లేదా తటస్థమునకు చేరువగా రావలెను. క్షారత మిక్కిలియైన నీరు అట్లు రాక మొరాయించును, పింజల మీది చోటుకై హైడ్రాక్సైడు ఫ్లోరైడుతో పోటీ పడును. అందుచే పటిక ఎక్కువ కావలెను. సున్నము పటికలో సుమారు ఇరువదవ వంతు. ఒక బావి నీటిలో ఫ్లోరైడు 4, క్షారత 400 అనుకొందము. పట్టిక సుమారు 470 అనును. అనగా 40 లీటర్ల బకెటునకు దాదాపు 19 గ్రాముల పటిక, ఒక గ్రాము సున్నము. రెండే అంకెలు తెలిసిన పల్లె కార్యకర్త మూడవ అంకెను ఇట్లు పట్టికనుండి పొందును.

ఈ పట్టికను రసాయన ప్రక్రియకు కట్టిన యొక నమూనా యని చెప్పవచ్చును. నిజముగా నీటిలో జరుగునది ఈ రెండంకెలకు లోబడినది కాదు. ఉష్ణోగ్రత, సిలికా, కరిగిన లవణములు, త్రిప్పిన వడి, పటిక శుద్ధత, అన్నియు దానియందు చేయి పెట్టును. వేలకొలది బావులలో ప్రతిదానిని ఇన్ని విధముల పరీక్షించుట ఏ ప్రయోగశాలకును సాధ్యము కాదు. అట్లైనచో గాజుపాత్రలలో పటిక వేసి చూచు కొద్ది పరీక్షలతో ఇంత విశాలమైన పట్టికను నింపుట ఎట్లు పొసగెను? అన్ని సంగతులను పరీక్షలనుండియే నేర్చుకొన నవసరము లేకపోవుటచేత పొసగెను. ఉదాహరణకు, ఒక మిల్లీగ్రాము పటిక కాల్షియము కార్బొనేటు లెక్కలో సుమారు 0.45 మిల్లీగ్రాముల క్షారతను హరించును. ఇది నల్లగొండలో కొలిచి కనుగొన్నది కాదు. అణుభారములనుండి వచ్చు లెక్క, ఏ దేశపు నీటికైనను ఒక్కటే. దీనిని పరీక్షలచే తేల్చబూనుట రెండును రెండును నాలుగగునా యని ధాన్యము కొలిచి చూచుట వంటిది.

ఆ యొక్క లెక్కతో పట్టికలోని యొక రహస్యమును చదువవచ్చును. పట్టికలో కొన్ని గడులు ఖాళీగా నున్నవి. క్షారత 200 గల నీటిలో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడును తగ్గించుటకు సుమారు 400 పటిక వ్రాసి యున్నది. అది హరించు క్షారత 180. ఇరువది మిగిలినది, సరిపోయినది. కాని క్షారత 125 గల నీటిలో అదే ఫ్లోరైడునకు గడి ఖాళీ. అంత పటికకు ఆహారమగు క్షారత ఆ నీటిలో లేదు; వేసినచో నీరు పులిసి, పింజ కట్టక, అల్యూమినియము కరిగి నీటిలోనే నిలుచును. ఇట్టి నీటికి ముందుగా సున్నముతోనో సోడాతోనో క్షారతను పెంచవలెనని ఆ ఖాళీ గడి చెప్పుచున్నది.

తెలిసినదానిని ఒక పాలుగా, క్రొత్తగా కొలిచినదానిని ఒక పాలుగా తీసికొని రెంటిని తూచి కలుపు న్యాయమునకు శాస్త్రరూపము నిచ్చినవాడు థామస్ బేయ్స్ అను ఆంగ్ల మతాచార్యుడు. ఆయన గతించిన పిదప మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో ఆ వ్యాసమును వెలువరించెను. ఫ్రాన్సులో లాప్లాస్ దానిని విస్తరించెను. కొద్దిపాటి కొలతలు ఒక పరామితిని గూర్చి అత్యధికముగా ఎంత చెప్పగలవో, ఆ హద్దును నిర్ణయించినవాడు మన తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాకు పోయి, ఇరువదియైదేండ్ల ప్రాయమున 1945లో ఆ సిద్ధాంతమును ప్రకటించెను. క్రామర్–రావు హద్దు అను పేర అది లోకమంతట ప్రసిద్ధము; 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారము ఆయనను వరించెను. కొలతలలో లేని సమాచారమును ఎంత తెలివిగల గణితమైనను పిండజాలదని ఆ హద్దు చెప్పును. కావున కొలతలు తక్కువైనచోట మిగిలిన సమాచారము వేరొక చోటినుండి రావలెను. ఆ వేరొక చోటే పూర్వజ్ఞానము.

మరల మన బావి యొద్దకు వత్తము. పట్టిక చెప్పిన 470 పటికతో ఫ్లోరైడు 1కి దిగవలెను. గాజుపాత్రలు మూడు పెట్టి 400, 470, 540 చొప్పున పటిక వేసి చూచితిమనుకొందము. నడిమి పాత్రలో 1.3 కనబడినది. ఇప్పుడేమి చేయవలెను? పట్టికయే వేదమనువాడు కొలత తప్పనును. కొలతయే వేదమనువాడు పట్టికను చించివేయును. రేపు వేరొక పాత్రలో 0.9 కనబడినచో మరల ఏమి చేయునో వానికే తెలియదు. వివేకి తన పట్టికలోని అనిశ్చితి ఎంత, తన కొలతలోని అనిశ్చితి ఎంత యని ముందుగా అడుగును. రెండును సమానమైనచో సత్యము నడుమ 1.15 వద్ద నుండునని తలచును. కొలతలోని పొరపాటు పట్టికలోని పొరపాటులో సగమే యైనచో, కొలతకు నాలుగు పాళ్ళు, పట్టికకు ఒక పాలు విలువ యిచ్చి 1.24 అనుకొనును. పాత్రలు పెరిగిన కొలది కొలతల పాలు పెరుగును, పట్టిక పాలు తగ్గును. బిడ్డ నడక నేర్చిన కొలది తల్లి చేయి సడలించినట్లు పూర్వజ్ఞానము తనంతట వెనుకకు తగ్గుటయే ఈ న్యాయమునందలి సౌందర్యము.

మరియొక సూక్ష్మము కలదు. ఫ్లోరైడు తగినంత దిగకపోవుటకు పింజల పట్టు తక్కువగుట కారణము కావచ్చును. లేదా నీరు కావలసినంత ఆమ్లము వైపునకు రాకపోవుట కారణము కావచ్చును. కేవలము మిగిలిన ఫ్లోరైడును మాత్రమే కొలిచినచో ఈ రెండు కారణములు ఒకదాని వెనుక నొకటి దాగికొనును. ఏది నిజమో మూడు పాత్రలు గాదు, ముప్పది పాత్రలు కూడ తేల్చజాలవు. ఇచ్చట రెండు ఉపాయములే గలవు: క్షారహరణము వలె సమీకరణమునుండి తెలిసినదానిని స్థిరముగా నిలిపి, తెలియనిదానిని మాత్రమే కొలతలకు విడుచుట, లేదా అదే పాత్రలో నీటి ఆమ్లక్షార స్థితిని తెలుపు పిహెచ్‌ను కూడ కొలిచి దాగినదానిని వెలికిలాగుట. కొలతలు ఎన్ని యనుటకంటె, ఏ కొలత ఏ సందేహమును తీర్చును అనుట ముఖ్యము. నేడు చౌటుప్పలు, జడ్చర్ల ప్రాంతములలో వెలసిన ఔషధ రసాయన కర్మాగారములలో క్రొత్త ప్రక్రియను నాలుగైదు ప్రయోగములతో పెద్ద పాత్రకు ఎక్కింపవలసిన ఇంజనీరునకు ఎదురగు సమస్య ఇదియే. బకెటు స్థానమున రియాక్టరు, పటిక స్థానమున వేరొక ద్రవ్యము, అంతే భేదము.

నల్లగొండ పద్ధతి సముద్రము దాటినది. తూర్పు ఆఫ్రికా పగులులోయలోని అగ్నిపర్వత భూములలో ఫ్లోరైడు మనకంటె తక్కువ కాదు. టాంజానియాలోని అరూషా ప్రాంతమున 1990 దశకములో ఎలి డాహి అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు దీనిని ఇంటింటికి తగినట్లు సవరించి, పటిక మోతాదును రెండే పరామితులు గల యొక సూత్రముగా వ్రాసెను. గడులుగా నున్న జ్ఞానము వక్రరేఖయైనది. రెండు పరామితులను సరిచూచుటకు కొద్ది పాత్రలు చాలును. మన మెట్టలలో పుట్టిన అనుభవము అచ్చటి బావులకు పూర్వజ్ఞానమైనది. అది అచ్చటి నీటికి తగినట్లు సవరింపబడినది గాని, యథాతథముగా రుద్దబడలేదు.

మన పల్లెలలో మాత్రము పద్ధతి అచ్చట నిలిచినంత గౌరవముగా నిలువలేదు. నెలనెలకు పటిక రావలెను. అది వచ్చిన సంచికి సంచికి శుద్ధత మారును. వానకాలపు బావినీరు వేరు, వేసవి బావినీరు వేరు. క్షారతను మరల కొలుచువాడు లేడు. ఒకనాడు గోడపై వ్రాసిన మోతాదు సంవత్సరములు గడచినను అట్లే నిలిచెను. మోతాదు తక్కువైనచోట ఫ్లోరైడు మిగిలెను, ఎక్కువైనచోట అల్యూమినియమును సల్ఫేటును మిగిలి నీరు వగరెక్కెను. అడుగున దిగిన మడ్డిని ఎచ్చట పోయవలెనో తెలియక నేలలోనే పోసిరి. జనులు ఆ నీటిని విడిచి మరల బోరింగు యొద్దకు పోయిరి. దోషము రసాయనమునందు లేదు. పట్టికను ఆజ్ఞగా తీసికొని, దానితో కూడ చేయదగిన పాత్ర పరీక్షను మరచుటయందే దోషము. మంచినీళ్ళ బాయిని నమ్మిన పూర్వులు ఏ పొరపాటున పడిరో, పట్టికను నమ్మిన చదువరులు కూడ ఆ పొరపాటుననే పడిరి: రెండుచోట్లను పూర్వజ్ఞానమును ప్రశ్నించు కొలత కరవైనది.

కావున జనులు నదినే కోరిరి. 1996 లోకసభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గమునుండి 480 మంది అభ్యర్థులు నిలిచిరి. తమ నీటి బాధను దేశమునకు వినిపించుటకు దుశ్చర్ల సత్యనారాయణ స్థాపించిన జలసాధన సమితి పూనికతో జరిగిన పని యది. ఎన్నికలు వాయిదా పడి, బ్యాలెటు పత్రము పుస్తకమంత దళసరిగా అచ్చు వేయవలసి వచ్చెను. క్రమముగా కృష్ణాజలములు మెట్టపల్లెలకు ఎక్కినవి; 2016లో ఆరంభమైన మిషను భగీరథ అను ప్రభుత్వ త్రాగునీటి పథకపు గొట్టములు ఇంటి ముంగిటికి నదినీటిని తెచ్చినవి. నేటి బాలల దంతములు చాలవరకు తెల్లనివి. దీనికంటె కనులకు చల్లని దృశ్యము ఆ సీమలో లేదని మనఃపూర్వకముగా చెప్పుదును. అయినను వంగిన నడుములు మరల నిటారు కావు. గొట్టము పగిలిననాడు, నది ఎండిననాడు బోరింగు పిడి మరల ఆడును. అప్పుడు పటికతో పాటు ఆ పట్టికను కూడ వెదకవలసి వచ్చును.

ఆ పట్టికను నేను తలచునప్పుడెల్ల నా కన్ను అంకెలమీద గాక ఖాళీ గడులమీద నిలుచును. నింపదలచినచో వానిలో కూడ ఏవో అంకెలు వేయుట కష్టము కాదు. పై గడిని ప్రక్క గడిని చూచి ఊహించి వ్రాసియుండవచ్చును. వ్రాసినచో దానిని నమ్మి ఎవ్వరో యొక కార్యకర్త బకెటులో అంత పటిక పోసియుండును, ఎవ్వతెయో యొక తల్లి ఆ నీటిని బిడ్డకు పట్టియుండును. వ్రాయలేదు. తాము నేర్చినది ఏ నీటివరకు చెల్లునో, ఏ నీటియొద్ద ఆగునో ఎరిగినవారు గనుక ఆ గడులను విడిచిరి. బడి వరండాలో అవ్వ అడిగిన ప్రశ్నకు ‘త్రాగవచ్చును’ అను మాట ఒక్కటే సమాధానము కాదు. ‘ఈ నీటిని మరల ఒక్కసారి కొలిచి చెప్పెదనవ్వా’ అనుట కూడ సమాధానమే యని ఆ ఖాళీ గడులు నాకు నేర్పినవి.